డబ్బిచ్చిన ఫొటో.. ఊరికే వచ్చిన ఫొటో

* మోడలింగ్‌ ఆల్బమ్‌ కోసం సరిహద్దు ఊళ్ల యువత తిప్పలు
* ఖర్చెవరిది, హక్కెవరిది ముందే తేల్చుకోకుంటే చిక్కే

బళ్లారి, హోసూరు: ఫొటోలుంటేనే అవకాశం. అవకాశం వస్తేనే నాలుగు డబ్బులు. ఆ డబ్బులుంటేనే ఫొటోలు. మోడలింగ్‌ చేయాలని సరదాపడే కుర్రకారు మొట్టమొదట ఇరుక్కునేది ఈ చక్రంలోనే. బళ్లారిలో హంపి ఎక్స్‌ప్రెస్‌ ఎక్కి తెల్లారేసరికి బెంగళూరులో దిగినా, హోసూరు నుంచి 40 కిలోమీటర్లు బస్సులో వెళ్లినా, బరంపురంలో రైలెక్కి పగలూ రాత్రీ కూర్చుని చెన్నై చేరినా అక్కడ ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే.. ‘పోర్ట్‌ఫోలియో ఉందా?’

లేదంటే రెండు దారులు చూపిస్తారు. డబ్బు కట్టి తీయించుకోవడం ఒకటి. పైసా తీసుకోకుండా తీసే ఫొటోగ్రాఫర్‌ ముందు నిలబడటం రెండోది. మొదటిది జేబుకు చిల్లు, రెండోది లాభమే కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. వ్యవహారం అంత తేలిక కాదు. డబ్బు కట్టి తీయించుకున్నవారికి చట్టం ఇచ్చే హక్కు, ఊరికే తీయించుకున్నవారికి అంత సులువుగా దక్కదు. అలాగని డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ పని దొరుకుతుందా అంటే అదీ లేదు. నిజానికి ఎక్కువమంది మునిగేది డబ్బు కట్టిన చోటే!

గిరాకీ మన ఊళ్లోనే

బళ్లారి అంటే గనులే కాదు, జీన్స్‌ కూడా. పట్టణంలో వందలాది చిన్నా పెద్దా యూనిట్లలో ప్యాంట్లు కుట్టి దేశమంతా పంపుతున్నారు. ప్రతి బ్రాండుకూ ప్యాంటుకు వేలాడే అట్టముక్క మీద, డీలరు గోడ మీద అంటించే పోస్టరు మీద ఓ ముఖం కావాలి. షోలాపూర్‌లో యూనిఫాంలు, రెడీమేడ్‌ దుస్తులు తయారుచేసేవారికీ కేటలాగు కావాలి. బరంపురం పట్టు అమ్మేవారికి, బెంగళూరు చిక్‌పేట చీరల హోల్‌సేల్‌ వ్యాపారులకు, చెన్నై టి.నగర్‌లోని అంతస్తుల మీద అంతస్తుల బట్టల దుకాణాలకు పండగ పండగకూ కొత్త ఫొటోలే. వీటికి తోడు ఆన్‌లైన్‌ అంగళ్లు వచ్చాక బెంగళూరులో కేటలాగ్‌ షూటింగులు పెరిగాయి. అక్కడ పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా చొక్కా మార్చడం, నిలబడటం, మళ్లీ మార్చడం.. ఇదే పని. మెరుపులూ చప్పట్లూ ఏమీ ఉండవు. కూలి మాత్రం ఉంటుంది.

చెన్నైలో పుట్టి పెరిగిన సమంత సినిమాల్లోకి రాకముందు మోడలింగ్‌ చేసింది నాయుడు హాల్‌ బట్టల దుకాణానికే. తర్వాత 2010లో ‘ఏ మాయ చేసావె’తో తెలుగు తెర మీదికొచ్చారు. మోడలింగ్‌ అనగానే ర్యాంపు మీద నడకే గుర్తొచ్చే మనవాళ్లు ఈ సంగతి కాస్త గమనించాలి. ర్యాంపు కోసమైతే అమ్మాయిలు 5 అడుగుల 8 అంగుళాలు, అబ్బాయిలు 6 అడుగులు ఉండాలని సాధారణంగా అడుగుతారు. చీరల ప్రకటనకు, నగల ప్రకటనకు, మసాలా పొడి ప్రకటనకు ఆ కొలత అక్కర్లేదు. చూడగానే మన ఇంటి పిల్లలా, పక్కింటి కోడల్లా అనిపించే ముఖం చాలు. దీన్నే వారి భాషలో ‘కమర్షియల్‌’ అంటారు. దక్షిణాదిలో కూడు పెట్టేది చాలావరకు ఇదే.

ఈ తేడా తెలియక అయిదడుగుల మూడంగుళాల అమ్మాయి ర్యాంపు తరహా ఆల్బమ్‌కు డబ్బు పోస్తే ఆ ఫొటోలు ఇంట్లో గోడకు తప్ప దేనికీ పనికిరావు. కాబట్టి డబ్బిచ్చి తీయించాలా, ఊరికే తీయించాలా అన్నది రెండో ప్రశ్న. ఏ పని కోసం అన్నది మొదటిది.

పెళ్లి ఆల్బమ్‌ కాదు

ఊళ్లోని స్టూడియోకు వెళ్తే తీయరా? తీస్తారు, బ్రహ్మాండంగా తీస్తారు. కానీ చేయి తిరిగింది పెళ్లిళ్లలో. ముఖం తెల్లగా చేసేస్తారు. వెనక గులాబీ తోట పెడతారు. బుగ్గ మీది పుట్టుమచ్చ తుడిచేస్తారు. మోడల్‌ను వెతికేవారికి కావాల్సింది సరిగ్గా ఆ పుట్టుమచ్చే! చర్మం నిజంగా ఎలా ఉంది, పళ్ల వరస ఎలా ఉంది, జుట్టు ఎంత ఒత్తుగా ఉంది అన్నవే వారు చూస్తారు. ఫొటోలో ఒకలా ఉండి మనిషి ఇంకోలా వస్తే గుమ్మంలోంచే పంపించేస్తారు.

అందుకే మంచి ఏజెన్సీలు ముందుగా అడిగేది ఆల్బమ్‌ కాదు. ‘పాలరాయిడ్లు’ లేదా ‘డిజిటల్స్‌’ అంటారు. పేరు ఏదైనా పని సులువు. మేకప్‌ లేకుండా, ఒంటికి అతికినట్టుండే మామూలు దుస్తుల్లో, ఖాళీ గోడ ముందు, కిటికీ పక్క వెలుతురులో ముఖం, రెండు పక్కల నుంచి, నడుము దాకా, నిలువెత్తున.. ఇలా అయిదారు ఫొటోలు. ఇంట్లో తమ్ముడు సెల్‌ఫోన్‌తో తీసినా సరిపోతుంది. వాటితో పాటు ఎత్తు, కొలతలు, వయసు, వచ్చిన భాషలు రాసి పంపితే చాలు. తెలుగు, కన్నడం, తమిళం గడగడా మాట్లాడగలగడం మన సరిహద్దు పిల్లలకు పెట్టుబడి లేని ఆస్తి. వీడియో ప్రకటనలకు అది అక్కరకొస్తుంది. చాలామంది ఆ ముక్క రాయడమే మరచిపోతారు.

ఆ ఫొటోలు చూసి ఎవరైనా రమ్మంటే అప్పుడు పోర్ట్‌ఫోలియో గురించి ఆలోచించవచ్చు. ఎవరూ పలకకపోతే? పోయింది ఏమీ లేదు. పుస్తెలు కుదవపెట్టి ఆల్బమ్‌ చేయించాక ఆ సంగతి తెలియడం కన్నా ఇది నయం కదా!

ఊరికే ఎందుకు తీస్తారు?

ఫొటోగ్రాఫర్ల లోకంలో ‘టీఎఫ్‌పీ’ అనే మాట ఒకటుంది. ‘టైమ్‌ ఫర్‌ ప్రింట్స్‌’ అని దాని విడమర్పు. నీ సమయం నువ్వివ్వు, నా సమయం నేనిస్తా, కూలికి బదులు ప్రింట్లు తీసుకో అన్నది ఒప్పందం. రీలు కెమెరాల రోజుల్లో నిజంగానే కాగితం ప్రింట్లు ఇచ్చేవారు. తర్వాత సీడీ అయింది, పెన్‌డ్రైవ్‌ అయింది, ఇప్పుడు సెల్‌ఫోన్‌కు లింకు పంపేస్తున్నారు. పేరు మాత్రం అదే మిగిలింది. మోడల్‌ డబ్బివ్వదు, ఫొటోగ్రాఫరూ ఇవ్వడు. పల్లెల్లో ఒకరి పొలంలో ఒకరు బదులుకు పోయినట్టే.

ఇందులో తప్పేమీ లేదు. కొత్తగా కెమెరా పట్టిన కుర్రాడికీ చూపించుకోవడానికి బొమ్మలు కావాలి. మేకప్‌ నేర్చుకుంటున్న అమ్మాయికీ అంతే. బెంగళూరులో, చెన్నైలో నిఫ్ట్‌ కేంద్రాలున్నాయి. ఫ్యాషన్‌ డిజైన్‌ చదివే పిల్లలకు తాము కుట్టిన దుస్తులు తొడుక్కుని నిలబడేవారు కావాలి. ఇలాంటివారంతా కలిసి చేసుకునే షూట్‌లో అందరూ నేర్చుకుంటారు. కెమెరా ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తంటాలు పడే కొత్తవారికి, డబ్బు మీటరు తిరగకుండా భయం పోగొట్టుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదు.

చిక్కల్లా ఎక్కడంటే, ఊరికే తీసేవాడు తనకు కావాల్సింది తీసుకుంటాడు. పొగమంచులో వెనక్కి తిరిగి నిలబడ్డ అమ్మాయి, ముఖాన్ని సగం కమ్మేసిన జుట్టు, పాడుబడ్డ కోట గోడ.. ఫొటోగ్రాఫర్‌ పోటీలకు పంపుకోవడానికి బాగుంటాయి. చీరల దుకాణదారుకు చూపిస్తే ‘ఇందులో ముఖమేదమ్మా?’ అంటాడు. ఇచ్చే ఫొటోలు కూడా తక్కువే. మూడొందలు తీసి నాలుగే చేతికివ్వడం, వాటికీ మూలన పేరు ముద్ర వేయడం, నెలల తరబడి ఫోన్‌ ఎత్తకపోవడం ఈ వరసలో మామూలు ఫిర్యాదులు. డబ్బివ్వలేదు కాబట్టి గట్టిగా అడగడానికి నోరు రాదు.

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. ముందు మామూలు దుస్తులని చెప్పి, షూట్‌ మధ్యలో ‘బోల్డ్‌గా చేస్తేనే ఛాన్సులు’ అని మాట మారుస్తారు. వెంట ఎవరినీ తీసుకురావద్దంటారు. స్టూడియో కాకుండా హోటల్‌ గది చెబుతారు. అక్కను, అన్నను, స్నేహితురాలిని వెంటబెట్టుకు వస్తామంటే అభ్యంతరం చెప్పేవాడి దగ్గరికి ఊరికే కాదు, ఎదురు డబ్బిచ్చినా వెళ్లాల్సిన పని లేదు. పని మీద శ్రద్ధ ఉన్నవాడు వచ్చినవాళ్లకు కుర్చీ వేయిస్తాడు. ఏ దుస్తులు, ఎన్ని జతలు, ఎక్కడ, ఎన్ని గంటలు అన్నది ముందురోజే రాతలో తెప్పించుకుంటే మధ్యలో మాట మార్చడం కష్టమవుతుంది.

డబ్బు కడితే..

డబ్బిచ్చి తీయించుకుంటే పెత్తనం మనది. ఈ కోణంలో వద్దు, నవ్వుతూ రెండు కావాలి, పట్టుచీరలో నిలువెత్తున ఒకటి కావాలి అని చెప్పి తీయించుకోవచ్చు. ఫలానా తేదీకి ఇవ్వాలని నిలదీయవచ్చు. అయితే బిల్లులో ఏమేం కలిశాయో చూడాలి. ఫొటోగ్రాఫర్‌ కూలి, స్టూడియో అద్దె, మేకప్‌, జుట్టు అలంకరణ, దుస్తుల అద్దె, తర్వాత కంప్యూటర్‌లో దిద్దుబాటు, ఆల్బమ్‌ అచ్చు.. వీటన్నిటినీ ఒకే అంకెగా చెప్పి కూర్చుంటారు. విడివిడిగా రాసిమ్మంటే సగం గుట్టు బయటపడుతుంది. తోలు అట్ట ఆల్బమ్‌ అక్కర్లేదని తీసేయించవచ్చు. ఈ రోజుల్లో ఫొటోలు చూసేది ఫోన్‌లోనే. చేతికిచ్చి రావడానికి ముందువెనకల నాలుగైదు ఫొటోలు, కొలతలు, ఫోన్‌ నంబరు ఉన్న ‘కాంప్‌ కార్డు’ ఒకటి అచ్చు వేయించుకుంటే చాలు.

ఫొటోల సంఖ్య చూసి మురిసిపోవడం మరో పొరపాటు. ‘200 ఫొటోలు, 15 కాస్ట్యూమ్‌లు’ అని ఊరిస్తారు. చూసేవాడికి అంత ఓపిక ఉండదు. పది పన్నెండు మంచివి చాలు. అందులో ఒక్కటి నాసిరకంగా ఉన్నా చూసినవాడికి గుర్తుండిపోయేది అదే. నాలుగు జతలతో, ఒక పూటలో, మనం ఎంచుకున్న ఫొటోగ్రాఫర్‌తో ఇది అయిపోతుంది. ఆయన అంతకుముందు తీసిన ప్రకటనలు అడిగి చూడాలి. పెళ్లి ఫొటోలు చూపిస్తే లాభం లేదు.

‘మా దగ్గరే తీయించుకోవాలి’

అసలు మోసం మొదలయ్యేది ఈ మాట దగ్గరే. బస్టాండు గోడ మీద ‘మోడల్స్‌ కావలెను’ అని కాగితం. లేదంటే ఇన్‌స్టాగ్రామ్‌లో ఓ సందేశం. ఫోన్‌ చేస్తే మర్యాదగా మాట్లాడతారు. బెంగళూరులో అద్దాల ఆఫీసుకు రమ్మంటారు. గోడల నిండా పెద్ద పెద్ద తారల ఫొటోలుంటాయి. వారికీ ఈ ఆఫీసుకూ సంబంధమేమిటో ఎవరూ అడగరు. ‘ఆడిషన్‌’ చేసి, నువ్వు సెలెక్ట్‌ అయ్యావంటారు. ఇంటి దగ్గర అమ్మానాన్నలకు ఫోన్లు వెళ్తాయి. సంతోషం పట్టలేని ఆ క్షణంలోనే చెబుతారు.. ముందు పోర్ట్‌ఫోలియో కావాలి, అది మా ఫొటోగ్రాఫర్‌ దగ్గరే తీయించాలి, ఈ రోజే కడితే సగం ధర అని.

కట్టాక ఫొటోలైతే తీస్తారు. అందుకే పోలీసుల దగ్గరికి వెళ్లినా ‘డబ్బు తీసుకున్నారు, ఫొటోలిచ్చారు, ఇంకేం కేసు?’ అనే ప్రశ్న వస్తుంది. పని ఇప్పిస్తామన్నది నోటిమాట. కాగితం మీద ఉన్నది ఫొటోగ్రఫీ సేవ మాత్రమే. ఈ చిన్న కిటుకు మీదే ఇలాంటి ఆఫీసులు ఏళ్ల తరబడి బతికేస్తున్నాయి.

నిజమైన ఏజెన్సీ సంపాదన ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఈ నాటకం ఇట్టే అర్థమవుతుంది. మోడల్‌కు పని ఇప్పించి, దుకాణదారు ఇచ్చిన డబ్బులో కొంత శాతం మినహాయించుకోవడమే దాని వ్యాపారం. మోడల్‌కు పని దొరక్కపోతే దానికీ రూపాయి రాదు. మోడల్‌ దగ్గరే ముందుగా డబ్బు వసూలు చేసుకున్నవాడికి ఇక ఆమెకు పని దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే. రిజిస్ట్రేషన్‌ ఫీజు, గ్రూమింగ్‌ ఫీజు, కార్డు ఫీజు.. పేరు ఏది పెట్టినా లెక్క ఇదే. ఏజెన్సీ మంచిదే అయితే ‘మా వాళ్లు ముగ్గురున్నారు, వేరేచోట తీయించుకున్నా సరే’ అంటుంది. ఒక్కడి పేరే చెప్పి బలవంతం చేస్తే ఆ ఒక్కడిలో వాటా ఉందని అనుమానించాల్సిందే.

ఫొటో ఎవరి సొత్తు?

ఇప్పుడు అసలు సంగతి. ముఖం నాది కాబట్టి ఫొటో నాదే అనుకుంటారు చాలామంది. కాపీరైటు చట్టం 1957 అలా అనదు. ఫొటో తీసినవారే దానికి కర్త. సాధారణంగా హక్కు కూడా వారిదే. అయితే 17వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. ఎవరైనా తగిన ప్రతిఫలం ఇచ్చి, తామే కోరి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందమేదీ లేనప్పుడు ఆ ఫొటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవారే!

అంటే డబ్బు కట్టిన అమ్మాయికి, ఆమె ఏ కాగితం మీదా వేరేగా సంతకం పెట్టకపోతే, ఆ ఫొటోల మీద కాపీరైటు ఆమెదే. దుకాణదారు డబ్బిచ్చి తీయిస్తే దుకాణదారుది. ఎవరూ డబ్బివ్వని ‘టీఎఫ్‌పీ’లో అయితే ఫొటోగ్రాఫర్‌దే అన్న వాదనకు బలమెక్కువ. మోడల్‌ తన సమయం ఇవ్వడమూ ప్రతిఫలమే కదా అని వాదించవచ్చు గానీ, అందుకు కోర్టు మెట్లు ఎక్కాలి.

‘వేరే ఒప్పందం లేనప్పుడు’ అన్న ముక్క దగ్గరే అద్దాల ఆఫీసులు తెలివి చూపిస్తాయి. డబ్బు రసీదుతో పాటు రెండు పేజీల కాగితం ముందు పెడతారు. అందులో ఎక్కడో సర్వహక్కులూ సంస్థవే అన్న వాక్యం ఉంటుంది. దాని మీద సంతకం పెడితే డబ్బూ పోయినట్టే, డబ్బుతో వచ్చిన హక్కూ పోయినట్టే. ఆ వాక్యం కొట్టేసి, పక్కన ఇద్దరూ పొట్టి సంతకాలు చేస్తేనే డబ్బు కట్టాలి. కాపీరైటు బదలాయింపు రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుందని, ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే పరిమితమని 19వ సెక్షన్‌ చెబుతోంది. కాబట్టి ‘నోటితో ఒప్పుకున్నావు కదా’ అని ఎవరైనా దబాయిస్తే జంకక్కర్లేదు.

ఊరికే తీసిన ఫొటో ఆర్నెల్ల తర్వాత సొంత ఊరి బస్టాండు ఎదుట, ఏ లోదుస్తుల దుకాణం ఫ్లెక్సీ మీదో కనిపిస్తే? కాపీరైటు ఫొటోగ్రాఫర్‌దే అయినా సరే, అడగకుండా మనిషి రూపాన్ని వ్యాపార ప్రకటనకు వాడుకునే హక్కు దాంతో రాదు. తమిళనాడుకు చెందిన ఆటో శంకర్‌ ఆత్మకథ వ్యవహారంలో 1994లో సుప్రీంకోర్టు ఇచ్చిన రాజగోపాల్‌ తీర్పులో ఈ మాట ఉంది. అనుమతి లేకుండా ఒకరి పేరును, రూపాన్ని ప్రకటనలకు వాడటం వారి గోప్యతను భంగపరచడమేనని పేర్కొంది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో 2017లో గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. అయితే ఫ్లెక్సీ చూసి ఇంట్లో రేగిన గొడవను, నిశ్చితార్థం దాకా వచ్చి ఆగిన సంబంధాన్ని ఏ తీర్పూ వెనక్కి తీసుకురాదు. ముందుగా రాయించుకోవడమే మందు.

ఏం రాయించుకోవాలి? పెద్ద దస్తావేజు అక్కర్లేదు. తెల్లకాగితం మీద పది లైన్లు చాలు. ఫొటోలు ఇద్దరూ తమ పని చూపించుకోవడానికి వాడుకోవచ్చు. మూడోవారికి అమ్మాలన్నా, ప్రకటనకు ఇవ్వాలన్నా మోడల్‌ రాతపూర్వక అనుమతి, వేరుగా డబ్బు ఉండాలి. దిద్దిన ఫొటోలు ఎన్ని, ఏ తేదీలోగా ఇస్తారో ఉండాలి. తలను వేరే ఒంటికి అతికించడం, కంప్యూటర్‌తో దుస్తులు మార్చడం కుదరదని కూడా రాసుకోవాల్సిన కాలం ఇది. కృత్రిమ మేధ వచ్చాక ఒక్క ముఖం ఫొటో దొరికితే వంద చీరలు కట్టించేస్తున్నారు. కాబట్టి ఆ వాక్యం వదలొద్దు.

వయసు 18 నిండనివారి సంతకానికి విలువ లేదు. మైనర్‌ చేసుకున్న ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్‌ తేల్చేసింది. తల్లో తండ్రో సంతకం చేయాలి, షూట్‌ దగ్గరా ఉండాలి. పిల్లల దుస్తుల ప్రకటనలకు 14 ఏళ్లలోపు వారిని పెట్టుకుంటే నిబంధనలు ఇంకా గట్టివి. జిల్లా మేజిస్ట్రేట్‌ అనుమతి తీసుకోవాలి. రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు. పారితోషికంలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్‌ డిపాజిట్‌ వేయాలి. ‘మా బాబు బొమ్మ పోస్టరులో పడింది’ అన్న మురిపెంలో తల్లిదండ్రులు ఈ 20 శాతం సంగతి అడగనే అడగరు.

చదవలేని కాగితం

సరిహద్దు జనానికి ప్రత్యేకంగా ఉన్న తలనొప్పి ఇది. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం లేదా తమిళం, బరంపురమైతే ఒడియా. చేతికిచ్చేది ఇంగ్లిషు కాగితం. మాట్లాడటం మూడు భాషల్లో వచ్చినా, చదివి అర్థం చేసుకోవడం ఒక్కదానిలోనే వచ్చినవారు ఎందరో. హోసూరులో తమిళ మాధ్యమంలో చదివిన తెలుగమ్మాయికి బెంగళూరులో కన్నడంలో వివరించి, ఇంగ్లిషు కాగితం మీద సంతకం చేయించుకుంటే ఆమెకు ఏం తెలిసినట్టు? ‘ఇంటికి తీసుకెళ్లి చదివించుకుని రేపు తెస్తాను’ అంటే చాలు, ఎదుటివాడి ముఖం చూస్తే సంగతి తెలిసిపోతుంది. తీసుకెళ్లమ్మా అన్నవాడితో బేరం ఆడవచ్చు. ఇప్పుడే పెట్టాలన్నవాడికి దండం పెట్టి బయటికి రావచ్చు.

మోసం అక్కడ.. ఫిర్యాదు ఇక్కడే

రాష్ట్రం కాని రాష్ట్రంలో మోసపోయాం, అక్కడికెళ్లి ఎవరి కాళ్లు పట్టుకోవాలి అని ఊరుకునేవారే ఎక్కువ. వారికి వెసులుబాటు ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ఫిర్యాదుదారు నివాసమున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు. బెంగళూరు స్టూడియో మీద హోసూరు వాసి కృష్ణగిరి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, బళ్లారి వాసి బళ్లారిలోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే కమిషన్‌ ఫీజు లేదు. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. అయితే రెండేళ్లలోపు వేయాలి. ముందుగా సలహా కావాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోన్‌ చేయవచ్చు. యూపీఐలో డబ్బు పంపిన వెంటనే మోసమని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి చెప్పాలి. ఖాతాలో డబ్బు ఇంకా ఉంటే అక్కడే ఆపేయించే వీలుంటుంది.

ఫొటోలు చూపించి బెదిరిస్తే అది వినియోగదారుల వ్యవహారం కాదు, నేరం. బట్టలు మార్చుకోవడం వంటి ఏకాంత సందర్భాల్లో మహిళను ఫొటో తీసినా, తీయడానికి ఆమే ఒప్పుకొన్నా ఇతరులకు చూపడానికి ఒప్పుకోనప్పుడు పంపించినా భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్‌ వర్తిస్తుంది. ఇంతకుముందు ఇదే ఐపీసీ 354సి. మొదటిసారి నేరానికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. నేరం ఏ ఊళ్లో జరిగినా దగ్గర్లోని ఠాణాలో ఫిర్యాదు తీసుకోవాల్సిందే. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్‌ సురక్షా సంహిత 173వ సెక్షన్‌ ఆ మాట స్పష్టంగా చెప్పింది. ‘మా పరిధి కాదు’ అని పంపించేస్తే ఈ సెక్షన్‌ నంబరు గుర్తు చేయాలి.

ఎక్కడికెళ్లినా అడిగేది రుజువులే. గోడ మీది ప్రకటనను ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోవాలి. డబ్బు నగదుగా కాకుండా యూపీఐలో, అదీ వ్యక్తి ఖాతాకు కాకుండా సంస్థ ఖాతాకే వేయాలి. పని ఇప్పిస్తామన్న హామీని వాట్సాప్‌లో అడిగి రాతలో తెప్పించుకోవాలి. ఆ సంభాషణలు చెరిపేయకూడదు. రసీదు మీద జీఎస్‌టీ నంబరు ఉంటే దాన్ని జీఎస్‌టీ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే అద్దాల ఆఫీసు అసలు పేరేమిటో, ఏ చిరునామాలో నమోదైందో రెండు నిమిషాల్లో కనిపిస్తుంది. డబ్బు కట్టాక కాదు, కట్టకముందు చూడాలి.